సాక్ష్యం ఎవరిది?
కావలి తీరంలో విడుదల కథలూ, ఆ కథల్లో చోటు దొరకని ఆడవాళ్ళూ

తెలుగులో కొన్ని మాటలు చర్చికీ పోలీసుస్టేషనుకీ ఉమ్మడి ఆస్తి. సాక్ష్యం, ఒప్పుకోలు, చెర, విడుదల. కోర్టు బోనెక్కి చెప్పేదీ సాక్ష్యమే, ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకుని చెప్పేదీ సాక్ష్యమే. స్టేషన్లో రాయించుకునేదీ ఒప్పుకోలే, ప్రార్థనలో దేవుడి ముందు చేసేదీ ఒప్పుకోలే. జైలు గేటు దాటటాన్నీ, పాపం నుంచి బయటపడటాన్నీ ఒకే మాటతో 'విడుదల' అంటాం. ఇది యాదృచ్ఛికం అని నేను అనుకోను. నెల్లూరు, గుంటూరు తీరాల్లో ఈ రెండు వ్యవస్థలూ ఒకప్పుడు ఒకే ఆవరణలో, ఒకే హాజరుపట్టీతో పనిచేశాయి. ఆ ఆవరణ పేరు 'సెటిల్మెంటు'.

జైలు నుంచి వచ్చినవాళ్ళకీ వాళ్ళ కుటుంబాలకీ మత సంస్థలు చేసే సాయం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా రెండు రకాల వాదనలు వినిపిస్తాయి. సాయం చేస్తున్నారు కదా, ఇంకేం కావాలి అనేది ఒకటి. సాయం పేరుతో మతం మారుస్తున్నారు అనేది రెండోది. ఈ రెండు వాదనల్లోనూ ఆ కుటుంబంలోని ఆడమనిషి కనబడదు. సాయం అందుకునేటప్పుడు ఆమె లెక్కలో ఉంటుంది, కథ చెప్పేటప్పుడు ఉండదు. సాహిత్య విద్యార్థిగా నాకు ఆసక్తి కలిగించింది ఈ కథే. జైలు నుంచి వచ్చిన మనిషి గురించి గత నూరేళ్ళుగా ఎవరెవరు ఏ కథ రాశారు, అందులో భార్యకీ, తల్లికీ, కూతురికీ ఏ పాత్ర ఇచ్చారు అన్నది ఈ వ్యాసంలో చూడాలనుకుంటున్నాను.

చికిత్స పేరుతో ఒక పుస్తకం

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. ఒక మనిషి నేరం చేశాడా లేదా అన్న ప్రశ్నతో పని లేకుండా, ఫలానా కులంలో పుట్టినందుకే వేలిముద్రలు తీసుకోవటానికీ, హాజరు పలికించటానికీ, ఊరు దాటకుండా కట్టడి చెయ్యటానికీ ఆ చట్టం వీలు కల్పించింది. కొన్ని కుటుంబాల్ని మొత్తంగా తెచ్చి ఒకచోట స్థిరపరిచే అధికారం కూడా ఇచ్చింది. ఆ చోట్లను నడిపే పనిని ప్రభుత్వం చాలావరకు మిషనరీలకి అప్పగించింది. బాపట్ల దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికి వచ్చిన సెటిల్మెంటుకి, అప్పటి మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. ఆ దశకంలోనే నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎరుకల సెటిల్మెంటు నడిపింది. శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ దాని సూపరింటెండెంటుగా చాలాకాలం పనిచేశాడు.

సాల్వేషన్ ఆర్మీని మన దేశానికి తెచ్చినవాడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్. ఐ.సి.ఎస్. ఉద్యోగం వదులుకుని 1882లో బొంబాయిలో దిగాడు. కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. ఖైదీల మధ్య, ఈ 'తెగల' మధ్య తమ సంస్థ చేసిన పనిని వివరిస్తూ ఆయన ఒక పుస్తకం రాశాడు. దాని పేరు 'క్రిమినోక్యూరాలజీ'. తెలుగులో చెప్పాలంటే నేరచికిత్సా శాస్త్రం. 'భారతదేశపు క్రిమ్, అతన్ని ఏం చెయ్యాలి' అన్నది ఉపశీర్షిక.

నేను ఈ శీర్షిక దగ్గరే కాసేపు ఆగాలనుకుంటున్నాను. 'క్రిమినల్' అన్న మాటని సగానికి కోసి 'క్రిమ్' అని పిలవటంలో ఒక మురిపెం ఉంది. పెంపుడు జంతువుకి ముద్దుపేరు పెట్టినట్టు ఉంటుంది. రోగం అన్నాక వైద్యుడు కావాలి, వైద్యుడికి అధికారం కావాలి, ఆస్పత్రికి గోడలు కావాలి. ఇవన్నీ ఒక్క శీర్షికలోనే సమకూరాయి. పైగా 'అతన్ని ఏం చెయ్యాలి' అన్న ప్రశ్నలో ఉన్నది మగవాడు. సెటిల్మెంటులోకి వచ్చింది మాత్రం ఆడవాళ్ళూ, పిల్లలూ, ముసలివాళ్ళూ కలిసిన కుటుంబాలు. శీర్షికలో లేని ఈ మనుషుల మీదే సెటిల్మెంటు రోజువారీ పని ఎక్కువగా జరిగింది. ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకోవాలి, పిల్లలు ఎక్కడ పడుకోవాలి, ఇల్లు ఎలా ఊడ్చుకోవాలి, ఏ పనికి పోవాలి అన్నవన్నీ 'సంస్కరణ' కిందికే వచ్చాయి. అవసరమనుకుంటే పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో ఉంచే అధికారాన్ని కూడా 1911 చట్టం ఇచ్చింది. నేరం చేసిన తండ్రికి పడే శిక్ష కొన్నేళ్ళు. నేరం చెయ్యని తల్లికి పడే శిక్ష బిడ్డ.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించాలి. ఆడవాళ్ళని ప్రసంగించనిచ్చిన, అధికారులుగా గుర్తించిన తొలి క్రైస్తవ సంస్థల్లో సాల్వేషన్ ఆర్మీ ఒకటి. సంస్థాపకుల్లో ఒకరైన కేథరిన్ బూత్ స్త్రీల ప్రసంగ హక్కు కోసం కరపత్రం రాసింది. వాళ్ళ కూతురు ఎమ్మా బూత్ టక్కర్ భార్య, ఆయనతో సమానంగా పదవి నిర్వహించింది. తమ ఆడవాళ్ళకి వేదిక ఇచ్చిన ఆ సంస్థ, ఎరుకల ఆడవాళ్ళకి మాత్రం చీపురూ, కుట్టుపనీ, హాజరుపట్టీ ఇచ్చింది. వలస పాలన నాటి స్త్రీవిముక్తికి ఎక్కడ గీత గీశారో ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎరుక చెప్పిన ఆమెకి వేలిముద్ర

ఈ చరిత్రని తిరగదోడి చదివింది ఎక్కువగా ఆడవాళ్ళే. 1991లో రేచల్ టోలెన్ సాల్వేషన్ ఆర్మీ సెటిల్మెంట్ల మీద రాసిన వ్యాసం, 2001లో మీనా రాధాకృష్ణ ప్రచురించిన 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే గ్రంథం మన తీరాన్ని అర్థం చేసుకోవటానికి తప్పనిసరి. కొరవలు, ఎరుకలు అన్న సంచార వర్తక సమూహం 'నేరస్థ తెగ'గా ఎలా మారిందో రాధాకృష్ణ చూపించింది. గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని తీరం నుంచి మెట్టకీ, మెట్ట నుంచి తీరానికీ తిరిగినవాళ్ళు వీళ్ళు. వాళ్ళలో 'ఉప్పు ఎరుకల' అని ఒక శాఖే ఉంది. ప్రభుత్వం ఉప్పుని గుత్తకి తీసుకుంది. రైలు వచ్చింది. అడవి చట్టాలు మేతనీ వెదురునీ లాక్కున్నాయి. వ్యాపారం పోయినవాళ్ళ మీద 'పని లేకుండా తిరిగేవాళ్ళు' అన్న ముద్ర పడింది.

కావలి నుంచి అల్లూరు, ఇసకపల్లి వైపు పోయే దారిలో ఉప్పుమళ్ళు చూసినవాళ్ళకి ఈ వాదన పుస్తకంలోదిగా అనిపించదు. ఉప్పు అక్కడే ఉంది. ఉప్పు మోసినవాళ్ళు నేరస్థులయ్యారు.

రాధాకృష్ణ పరిశోధనలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది మరొక అంశం. సంస్కరణకీ కూలీల అవసరానికీ ఉన్న సంబంధాన్ని ఆమె పట్టుకుంది. స్టూవర్టుపురం వాళ్ళు చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. దేవుడి పేరుతో నేర్పిన క్రమశిక్షణ ఫ్యాక్టరీ కూతకి కూడా పనికొచ్చింది. ఆత్మరక్షణ, ఆకుల గ్రేడింగు పక్కపక్కనే నడిచాయి.

ఈ పరిశోధనలకి తెలుగు సాహిత్యం నుంచి ఒక చేర్పు చెయ్యాలని నాకుంది. ఎరుక అంటే జ్ఞానం. మన యక్షగానాల్లో, కొరవంజుల్లో ఎరుకలసాని ముఖ్య పాత్ర. నాయిక మనసులోని మాటని ఇంట్లోవాళ్ళకంటే ముందు గ్రహించేది ఆమే. గద్దె బుట్ట చంకన పెట్టుకుని రాజాంతఃపురంలోకి అడ్డులేకుండా వెళ్ళగలిగేదీ ఆమే. పద్మావతి పెళ్ళికి తల్లిని ఒప్పించటానికి శ్రీనివాసుడంతటివాడు ఎరుకలసాని వేషం కట్టాడని తిరుమల కథ చెబుతుంది. దేవుడు కట్టిన చీర అది. ఆ చీర కట్టుకున్న నిజమైన ఆడమనిషి చేత ఇరవయ్యో శతాబ్దంలో హాజరు పలికించారు. ఇంటింటికీ తిరిగి సోది చెప్పటం ఆమె స్వతంత్ర సంపాదన. పోలీసు రాతల్లో అదే పని 'ఇళ్ళు కనిపెట్టటం' అయింది. ఓలి ఇచ్చి చేసుకునే పెళ్ళి, విడిపోయే వీలు, మారుమనువు కలిగిన సమాజంలో ఆడదానికి ఉన్న కాస్త వెసులుబాటు, సంస్కర్తల కంటికి అనాగరికంగా కనిపించింది. ఆమెని 'సరిచేసి' ఇంట్లో కూర్చోబెట్టటమే నాగరికత అయింది. యక్షగానంలో అందరి కథా చెప్పిన ఆమె, సెటిల్మెంటు రికార్డులో తన కథ తాను చెప్పుకోలేని మనిషిగా మిగిలింది. మన సాహిత్య చరిత్రకారులు కొరవంజి గురించి పేజీలకి పేజీలు రాశారు. ఆ పాత్ర ఏ కులం ఆడవాళ్ళదో, వాళ్ళకి తర్వాత ఏం జరిగిందో అడగలేదు.

దేవుడు లేని సంస్కరణ

మద్రాసు రాష్ట్రంలో 1947లో ఈ చట్టం రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. విముక్త జాతులు ఆ తేదీని పండగగా జరుపుకుంటాయి. ఆ రద్దు వెనక నెల్లూరువాసి వెన్నెలకంటి రాఘవయ్య కృషి ఉంది. యానాదుల మధ్య జీవితమంతా పనిచేసి, 1962లో వాళ్ళ మీద ఇంగ్లీషులో గ్రంథం కూడా రాశాడు. ఆయన ప్రయత్నం ప్రధానంగా చట్టం దిశగా సాగింది. మనిషిని మార్చటం కంటే మనిషి మీది ముద్రని చెరపటం ముఖ్యమన్న ఆ దృష్టికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. ముద్ర కూడా పూర్తిగా చెరగలేదు. చట్టం రద్దయిన మరుసటి ఏడే, 1948లో, మద్రాసులో అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలాంటిదే మరొకటి. కులం పేరు కాగితం మీద నుంచి పోయింది, జాబితా పోలేదు.

స్టూవర్టుపురంలో 1970ల నడుమ నుంచి 'సంస్కార్' సంస్థ ద్వారా పనిచేసిన హేమలతా లవణం (1932-2008) గురించి స్త్రీవాద విమర్శ ఇంకా తగినంత రాయలేదు. గుర్రం జాషువా కూతురు ఆమె. చర్చికీ అంటరానితనానికీ మధ్య నలిగిన కవి ఇంట్లో పెరిగింది. నాస్తికుడు గోరా కొడుకు లవణాన్ని పెళ్ళాడింది. వినోబా వెంట చంబల్ లోయకి వెళ్ళింది. తర్వాత నిజామాబాదు ప్రాంతంలో జోగిని వ్యవస్థకి వ్యతిరేకంగా పోరాడింది. దేవుడి పేరుతో మొదలైన సెటిల్మెంటులోకి దేవుడు లేడనే మనిషి వెళ్ళి, దాదాపు అదే పని చేపట్టటం మన సాంఘిక చరిత్రలో ఒక అరుదైన ఘట్టం.

ఆమె చేసినదానికీ మిషనరీలు చేసినదానికీ తేడా ఉందా? ఉంది. ఆమె వెళ్ళింది చట్టం రద్దయిన తర్వాత, చేతిలో హాజరుపట్టీ లేకుండా. జైలు నుంచి వచ్చినవాణ్ణి మళ్ళీ మళ్ళీ స్టేషనుకి లాక్కుపోయే వ్యవస్థతో కూడా మాట్లాడాల్సి వచ్చింది. అయినా మాట మాత్రం పాతదే. 'నేరస్థుల సంస్కరణ' అన్నది ఆమె పుస్తకానికి కూడా పేరు. చికిత్స, రక్షణ, సంస్కరణ అన్న మూడు మాటల్లోనూ చేసేవాడు ఒకడు, చేయించుకునేవాడు ఒకడు. నాస్తికత్వం దేవుణ్ణి తీసేసింది కానీ ఈ వ్యాకరణాన్ని తీసెయ్యలేకపోయింది. ఇది ఆమెని తక్కువ చెయ్యటానికి అంటున్న మాట కాదు. విశ్వాసాన్ని తీసేస్తే సమస్య తీరిపోతుందనుకునే హేతువాద మిత్రుల కోసం అంటున్నాను.

జనాదరణ పొందిన కళలు ఈ చరిత్రని ఎలా వాడుకున్నాయో కూడా చూడాలి. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్' వచ్చింది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ఊరి పేరు వినగానే దొంగ గుర్తొచ్చేలా చెయ్యటంలో ఇలాంటి సినిమాల వాటా తక్కువది కాదు. రెండో సినిమాలో హేమలతా లవణం పాత్రని రేణూ దేశాయ్ పోషించింది. మూడు దశాబ్దాల పని ఉన్న రచయిత్రి, మన తెరమీదకి రావటానికి ఒక గజదొంగ కథలో సహాయ పాత్ర కావలసి వచ్చింది. పత్రికల భాష ఇంకా మొరటుగా ఉంటుంది. బిట్రగుంట దగ్గరి కప్పరాళ్ళతిప్ప పేరుని ముఠా పేరుగానే వాడేస్తారు. ఆ ఊళ్ళో బడికిపోయే ఆడపిల్ల హాస్టల్లో తన ఊరి పేరు ఎలా చెప్పుకుంటుందో ఒక్క విలేఖరి అయినా ఆలోచించి ఉంటాడా? తిట్టుగా వాడే 'కేడీ' అన్న మాట, పాత మద్రాసు పోలీసు రిజిస్టర్లలో పేరున్న దొంగల జాబితాకి పెట్టిన రెండు ఇంగ్లీషు పొడి అక్షరాల నుంచి వచ్చిందే. ఒక రిజిస్టరు తెలుగు మాటగా మారి మన నోళ్ళలో తిరుగుతోంది.

మైకు ముందు అతను, చాప మీద ఆమె

ఇప్పుడు వర్తమానంలోకి వస్తాను. ఖైదీల కోసం పనిచేసే మత సంస్థలు ఇవాళ చాలా ఉన్నాయి. 1981లో కేరళలో ఇద్దరు కాథలిక్ సెమినరీ విద్యార్థులు మొదలుపెట్టిన ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా దేశమంతా విస్తరించింది. 1990ల మొదట్లో కిరణ్ బేడీ హయాంలో తీహారు జైల్లో విపశ్యన శిబిరాలు జరిగాయి. క్రైస్తవుల ప్రేరణకి మూలం మత్తయి సువార్త 25వ అధ్యాయం. చెరసాలలో ఉన్నవాణ్ణి చూడబోవటం సాక్షాత్తూ దేవుణ్ణి చూడబోవటమే అని అది చెబుతుంది. ఒక ఖైదీని మనిషిగా గుర్తించటానికి ఇంత బలమైన పునాది మన లౌకిక చట్టాల్లో కూడా లేదని ఒప్పుకోవాలి. నెల్లూరు దాటి చెముడుగుంట కేంద్ర కారాగారానికి ములాఖత్ కోసం పోయే ఆడవాళ్ళని అడిగితే, బస్సు ఛార్జీ ఇచ్చింది ఎవరు, పిల్లలకి పుస్తకాలు కొన్నది ఎవరు, బెయిలు కాగితాలు చదివిపెట్టింది ఎవరు అన్నదానికి చాలాసార్లు వచ్చే జవాబు పాస్టరమ్మ అనో, సిస్టరమ్మ అనో. ప్రభుత్వం అనీ, మన సంఘాలు అనీ జవాబు రాదు. మతం మీద విమర్శ రాసే మనం ముందు ఈ మాట ఎదుర్కోవాలి.

తీరప్రాంతపు ఒక చిన్న ప్రార్థనామందిరంలో నేను అలాంటి సాక్ష్యం ఒకటి విన్నాను. నాలుగేళ్ళు జైల్లో ఉండి వచ్చిన మనిషి అరగంటసేపు మాట్లాడాడు. మంచి కథకుడు. తాగుడూ కొట్లాటలతో మొదలుపెట్టి, లోపల ఒక రాత్రి తనకి కలిగిన ఏడుపు దగ్గర కథని మలుపు తిప్పాడు. విన్నవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. 'నా భార్యని గొడ్డుని బాదినట్టు బాదేవాణ్ణి' అన్న వాక్యం అందులో మూడుసార్లు వచ్చింది. చాప మీద ముందు వరసలో ఆమె తలవంచుకుని కూర్చుంది. అతని మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే ముందున్న పాపం పెద్దదై ఉండాలి. ఆ పాపానికి కొలత ఆమె ఒళ్ళు. కథకి ఆమె దెబ్బలు కావాలి, ఆమె మాట అక్కర్లేదు. తర్వాత భోజనాల దగ్గర ఆమె నాతో నవ్వుతూనే అంది: "ఆయన మారినాడని ఊరంతా చెప్పుకుంటా ఉండారు గదమ్మా. ఈ నాలుగేండ్లు ఇల్లు ఎట్ట జరిగిందని నన్ను మాత్రం ఎవురూ అడగలా."

విమర్శకురాలిగా ఈ ప్రక్రియని జాగ్రత్తగా చూడాలనిపిస్తుంది. సాక్ష్యం కూడా ఒక సాహిత్య రూపమే. దానికి నియమాలున్నాయి. చీకటి, మలుపు, వెలుగు. 'నేను' అన్న మాటతో మొదలై 'ఆయన' దగ్గర ముగియాలి. మలుపు ఒక్కటే ఉండాలి, అది లోపల జరగాలి. ఇంట్లో ఉండిపోయిన ఆడదాని జీవితంలో ఇలాంటి మలుపు ఉండదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు, రొయ్యల షెడ్డులో తలలు తీసే పని, ఫైనాన్సు వాడి కిస్తీ, అత్తగారి ఆస్పత్రి, దొంగ పెళ్ళాం అన్న మాట. అదంతా ఒకే ఎత్తున సాగే రోజులు. నాటకీయత లేని కష్టానికి సాక్ష్యం రూపంలో చోటు లేదు. సాయం కూడా కథనే అనుసరిస్తుంది. కథ ఎవరిదైతే కుట్టుమిషనో, ఆటో అప్పో వాళ్ళ పేరు మీదే వస్తుంది. అతను మళ్ళీ తాగితే ఆ చెప్పుకున్న కథ చెడుతుందన్న భయంతో, దెబ్బలు మళ్ళీ మొదలైన సంగతి ఆమె బయట పెట్టదు. అతని విడుదలని కాపాడే కావలి పని ఆమె మీద పడుతుంది.

ఆడవాళ్ళే జైలు నుంచి వస్తే? 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐదేళ్ళు శిక్ష పూర్తి చేసిన మహిళా జీవిత ఖైదీల విడుదలకి నిర్ణయం తీసుకుంది. జైలు నుంచి మగవాడు వస్తే భార్యో తల్లో గేటు బయట నిలబడుతుంది. ఆడది వస్తే చాలాసార్లు గేటు బయట ఎవరూ ఉండరు. ఆమె మైకు ముందు నిలబడి పాత జీవితం చెప్పుకుంటే వినేవాళ్ళ కన్నీళ్ళకి బదులు గుసగుసలు వస్తాయి. ఒకే ఒప్పుకోలు మగవాడికి గౌరవం తెస్తుంది, ఆడదానికి ఉన్న మర్యాద కూడా పోగొడుతుంది.

లూకా 15: చదవని మరో ఉపమానం

ఇలాంటి సభల్లో ఎక్కువగా వాడే ఉపమానం తప్పిపోయిన కుమారుడిది. లూకా సువార్త 15వ అధ్యాయంలో ఉంది. ఆస్తి పంచుకుని పోయి, పాడై, తిరిగివచ్చిన కొడుకుని తండ్రి పరుగెత్తుకు వచ్చి కౌగిలించుకుంటాడు. ఇంట్లో ఉన్న అన్న అలుగుతాడు. ఈ కథలో తండ్రి ఉన్నాడు, ఇద్దరు కొడుకులున్నారు, పనివాళ్ళున్నారు, కొవ్విన దూడ కూడా ఉంది. తల్లి లేదు. ఆ విందు ఎవరు వండారో కథ చెప్పదు. విడుదల కథల్లో ఆడవాళ్ళ గైర్హాజరీకి మూలరూపం ఇదేనని నాకనిపిస్తుంది.

అదే అధ్యాయంలో దీనికి ముందు మరొక చిన్న ఉపమానం ఉంది. పది నాణేల్లో ఒకటి పోగొట్టుకున్న స్త్రీ దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరికేదాకా వెతుకుతుంది. దొరికాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పిలిచి సంతోషం పంచుకుంటుంది. ఇక్కడ దేవుడికి పోలిక ఆ స్త్రీ. తండ్రి గుమ్మంలో ఎదురుచూశాడు, ఈమె వెతికింది. నాణెం పశ్చాత్తాపపడాల్సిన అవసరం లేదు, దాని కథ అది చెప్పుకోవాల్సిన అవసరమూ లేదు. పోయిందన్న కారణం చాలు, వెతకటానికి. ఖైదీల కుటుంబాలకి సాయం చేసే విశ్వాసులు ఈ రెండో ఉపమానాన్ని ఆధారం చేసుకుంటే వాళ్ళ పని స్వరూపమే మారుతుంది. మార్పుని రుజువు చెయ్యమని అడగకుండా సాయం చెయ్యొచ్చు. దీపం వెలిగించాల్సింది ఇంటి మూలల్లో కాబట్టి, అక్కడ ఎవరున్నారో కూడా కనబడుతుంది. ఇది బయటినుంచి తెచ్చిపెట్టే స్త్రీవాదం కాదు. వాళ్ళ గ్రంథంలో, వాళ్ళు రోజూ చదివే పేజీలోనే ఉంది.

నెల్లూరు జిల్లాకి ఇలాంటి వెతుకులాట కొత్త కూడా కాదు. 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో వాచకంలోని 'సీతమ్మ కథ' చదివి, 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్ళింది. 'సీతమ్మ కథ'ని సాక్ష్యంతో పోల్చి చదవండి. తాగుబోతు మగవాడు రెండింటిలోనూ ఉన్నాడు. సాక్ష్యం అతని హృదయం మారటం కోసం ప్రార్థిస్తుంది. దూబగుంట ఆడవాళ్ళు అతని హృదయం సంగతి తర్వాత చూసుకుందామని సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. చదివిన కథలో ఆడది బాధితురాలే, చదివాక లేచినవాళ్ళు మాత్రం బాధితులుగా మిగల్లేదు. ఒక కథ విన్నవాళ్ళని ఏడిపిస్తుంది, మరొక కథ విన్నవాళ్ళని లేపుతుంది. విమర్శకి ఈ రెంటి మధ్య తేడా చెప్పగలిగే శక్తి ఉండాలి.

మన పని

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన పిటిషన్ మీద, జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచటాన్నీ, రిజిస్టర్లలో కులం గడినీ కొట్టేసింది. విముక్త జాతులవాళ్ళని పుట్టుకతోనే అలవాటు నేరస్థులుగా చూసే జైలు మాన్యువళ్ళ భాషని తప్పుపట్టింది. నూట యాభై ఏళ్ళ కిందటి చట్టం ఊపిరి ఇంకా జైలు నిబంధనల్లో ఆడుతోందని పట్టుకున్నది ఒక ఆడమనిషి రాసిన రిపోర్టు. రాత వల్ల ఏమవుతుంది అని నిరుత్సాహపడే మనలాంటివాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మత సంస్థల సాయాన్ని అనుమానంతో ఆపించమని నేను అడగటం లేదు. ఆపితే ముందు నష్టపోయేది ములాఖత్ బస్సు ఎక్కే ఆమె. నేను అడుగుతున్నది ఆ సాయానికి కథ ధరగా ఉండకూడదని. అతను మారాడా లేదా అన్నదానితో సంబంధం లేకుండా ఆమె పేరు మీద సాయం రావాలి. అతను మళ్ళీ చెయ్యెత్తితే ఆమె ఆ సంగతి అదే మందిరంలో, అదే మనుషులకి చెప్పగలిగి ఉండాలి. చెప్పాక కూడా ఆమె కుట్టుమిషను ఆమె దగ్గరే ఉండాలి. ఇవి పెద్ద కోరికలు కావు. సంఘకాపరుల భార్యలకీ, సిస్టర్లకీ ఇవి మనకంటే బాగా తెలుసు. వాళ్ళతో కూర్చుని మాట్లాడటానికి స్త్రీవాదులకి ఉన్న మొహమాటమేమిటో నాకు అర్థం కాదు.

రచయిత్రులతో ఒక మాట. జైలు సాహిత్యం అనగానే మనకి రాజకీయ ఖైదీల డైరీలు గుర్తొస్తాయి. వాటి విలువ వాటిది. మామూలు ఖైదీల ఇళ్ళలో ఉండిపోయిన ఆడవాళ్ళ కథ తెలుగులో దాదాపు ఖాళీ. ఎరుకల జీవితం మీద పలమనేరు బాలాజీ లాంటివాళ్ళు కథలు రాస్తున్నారు, మంచిదే. కానీ కావలి, స్టూవర్టుపురం సెటిల్మెంట్లలో పుట్టిన ముసలమ్మల జ్ఞాపకాలు ఎవరూ నమోదు చెయ్యకుండానే పోతున్నాయి. హాజరు పిలిచినప్పుడు తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లల్లో మిగిలినవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. వాళ్ళ దగ్గరికి సంస్కరించటానికి నూరేళ్ళుగా చాలామంది వెళ్ళారు. వినటానికి వెళ్ళినవాళ్ళు తక్కువ. ఎరుక చెప్పటం వాళ్ళకి తెలిసిన విద్యే. పలక పట్టుకుని ఎదురుగా కూర్చోవలసింది మనం.